బ్యాంకు వారూ, ఇంట్లో ఎప్పుడు దిగుతారు?

ఎర్రచేనుపల్లె,
పాకాల మండలం.
జూన్ 3

స్వర్ణముఖి సహకార బ్యాంకు పాకాల శాఖ మేనేజరు భానుచందర్ గారికి పెంచలయ్య నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీరూ, మీ బ్యాంకూ క్షేమమని తలుస్తాను.

నేను మాటకారిని కాను. మొన్న మీ బ్యాంకుకు వచ్చాను. టోకెను తీసుకుని కూర్చున్నాను. నా నంబరు పిలిచారు. అద్దం వెనక ఉన్న అమ్మాయి "చెప్పండి" అంది. నాకు నోరు పెగల్లేదు. మూలనున్న డబ్బాలో నీళ్ళు తాగి వచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం. అయిదో తరగతి చదువు. తప్పులుంటే మన్నించాలి.

రెండేళ్ళ కిందట కొత్త బోరు కోసం మా మిద్దె ఇల్లు మీ దగ్గర తాకట్టు పెట్టి మూడు లక్షలు తీసుకున్నాను. బోరులో దుమ్ము వచ్చింది. నీళ్ళు రాలేదు. కంతులు కట్టలేకపోయాను. ఇప్పుడు మీ నుంచి అప్పు తీర్చే ప్రణాళిక అని కాగితం వచ్చింది. మూడేళ్ళు నెలనెలా కట్టాలన్నారు. కడతాను. పాల డబ్బులున్నాయి, పింఛను ఉంది. కానీ అందులో వడ్డీ కూడా రాశారు. పనుల ఒత్తిడిలో పొరపాటు పడి ఉంటారు.

మా వైపు ఇల్లు తాకట్టంటే భోగ్యమే. డబ్బిచ్చినవాళ్ళు వచ్చి ఆ ఇంట్లో కాపురం ఉంటారు. ఉంటారు గనక వడ్డీ ఉండదు. అసలు తిరిగి ఇచ్చిన రోజు ఖాళీ చేసి తాళం చేతికిస్తారు. మీ కాగితాల మీద సంతకం పెట్టిన సాయంత్రమే మేము సామాను సర్దుకుని చేని దగ్గరున్న మోటారు గదిలోకి మారిపోయాం. అప్పటి నుంచి మీ కోసం చూస్తున్నాం. ఎవరూ రాలేదు. దీపం పెట్టే మనిషి లేక ఇల్లు పాడవుతోంది.

మీరు ఎప్పుడు దిగుతారో రాస్తే సున్నం కొట్టించి పెడతాను.

ఇట్లు,
మీ విధేయుడు
పెంచలయ్య

తా.క. నా భార్య అక్కమ్మ ఇది కూడా రాయమంటోంది: "రెండేండ్లుగా దినమూ ఆడికి పోయి బ్యాంకోళ్ళ వాకిలి ఊడ్సి ముగ్గేసి వస్తా ఉండా. నా కూలి ఎవురిస్తారో కనుక్కో." నేను వద్దన్నాను. రాయకుంటే సంగటి లేదంది.


స్వర్ణముఖి సహకార బ్యాంకు,
పాకాల శాఖ.
జూన్ 14

శ్రీ పెంచలయ్య గారికి,

విషయము: తనఖా రుణము – పునఃచెల్లింపు ప్రణాళిక – తమ సందేహములు – గురించి.

పై విషయమునకు సంబంధించి తమకు తెలియజేయునది ఏమనగా, సదరు రుణమునకు బ్యాంకు వారు దయతో ముప్పై ఆరు నెలల ప్రణాళిక మంజూరు చేసియున్నారు. తమరు వెంటనే "ప్రణాళిక ఖాతా" పేరిట మరొక ఖాతా తెరచి, ప్రతి నెల ఐదవ తేదీలోగా వాయిదా సొమ్ము అందులో నిల్వ ఉంచవలెను. పింఛను ఖాతా వేరు, పాల ఖాతా వేరు, ప్రణాళిక ఖాతా వేరు. ఒకదానిలోని సొమ్మును మరొకదానిలోకి బ్యాంకు తనంతట తాను మార్చదు. తమరే తీసి, తమరే వేయవలెను.

వడ్డీ పొరపాటు కాదు.

సదరు గృహమున నివసించు ఉద్దేశము బ్యాంకునకు లేదు. అయితే ఆ ఆస్తి నిర్మానుష్యముగా ఉన్నట్లు తమ ఉత్తరము ద్వారా తెలియవచ్చినది. ఇది ఒప్పందములోని పదునాలుగవ షరతునకు విరుద్ధము. అందులో ఎవరో ఒకరు నివాసముండునట్లు చూచి, పదిహేను దినములలో బ్యాంకునకు తెలియజేయవలెను.

ముగ్గు ఖర్చులు చెల్లించుటకు మా నిబంధనలలో పద్దు లేదు.

ఇట్లు,
మేనేజరు

గమనిక: ఇది కంప్యూటరు తయారు చేసిన ఉత్తరము. సంతకము అవసరము లేదు.


ఎర్రచేనుపల్లె,
జూలై 1

మేనేజరు గారికి పెంచలయ్య నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. సంతకం లేదు. మనసులో ఏదో పెట్టుకునే సంతకం పెట్టలేదని అక్కమ్మ అంది. నేను అలా అనుకోలేదు.

మీరు చెప్పినట్టే మూడో ఖాతా తెరిచాను. పాల ఖాతాలో తీసి అందులో వేశాను. కనీస నిల్వ లేదని కొంత కోశారు. కోసిన సంగతి ఫోనుకు మెసేజి పంపినందుకు కొంత కోశారు. మిగిలింది కంతుకు చాలలేదు. చాలనందుకు మళ్ళీ కోశారు. పాల ఖాతాలో తీసేశాను గనక అక్కడా నిల్వ తగ్గిందని అక్కడ కూడా కోశారు. అప్పు తీర్చడానికని ఖాతా తెరిస్తే ఇప్పుడు నేను ఖాతాకు కూడా బాకీ ఉన్నాను. దీనికేమైనా వేరే ప్రణాళిక ఉంటే తెలపాలి.

ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నారు. నిజమే. కానీ ఇల్లు మీ చేతిలో ఉండగా నేను వేరే మనిషిని పెడితే మర్యాద కాదు. ఉండే ఉద్దేశం లేదని మీరు రాసింది మొహమాటం కొద్దీ అయి ఉంటుంది. ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. తాళంచెవి మా దగ్గరే పెట్టుకుంటే మీరు ఎలా వస్తారు? ఇన్నాళ్ళూ ఈ మాట తట్టలేదు. దీంతో పాటు రిజిస్టరు పోస్టులో తాళంచెవి పంపుతున్నాను.

ఇట్లు,
పెంచలయ్య

తా.క. అక్కమ్మ మాట: "అది నేరుగా తిరగదు. తలుపు రొంత పైకెత్తి తిప్పల్ల. లేకుంటే ఎంత పెద్ద సదువు సదివినోడికైనా తెరుసుకోదు. వంటింటి గూట్లో పాము కుబుసం ఉండాది. అది పోయిన ఏడాదిది. బయపడొద్దని రాయి."


స్వర్ణముఖి సహకార బ్యాంకు,
పాకాల శాఖ.
జూలై 12

శ్రీ పెంచలయ్య గారికి,

విషయము: తనఖా ఆస్తి – స్వచ్ఛంద స్వాధీనము – వేలము – గురించి.

తమరు రిజిస్టరు పోస్టు ద్వారా పంపిన తాళంచెవి (ఒకటి, తుప్పుపట్టినది) అందినది. రుణము చెల్లించలేక తమరు ఇల్లు స్వచ్ఛందముగా బ్యాంకునకు స్వాధీనపరచినట్లు దీనిని ప్రధాన కార్యాలయము వారు పరిగణించియున్నారు. కావున సదరు ఇల్లు ఆగస్టు 8న, ఇంటి ఎదుటనే, బహిరంగ వేలము వేయబడును. ముందుగా ఇంటిని స్వాధీనపరచుకొని నోటీసు అంటించుటకు మా రికవరీ అధికారి ప్రేమానందం గారు వచ్చెదరు. వారికి సహకరించవలెను.

ఇట్లు,
భానుచందర్
మేనేజరు

తా.క. పెద్దాయన గారూ, ఇది నా చేత్తో రాస్తున్నాను. ఈసారి సంతకం కూడా పెట్టాను, చూసుకోండి. కవరు విప్పిన వెంటనే ఆ తాళంచెవి మీకు తిప్పి పంపి ఉంటే సరిపోయేది. మావాళ్ళు దానికి ఇన్‌వర్డు నంబరు వేసేశారు. నంబరు పడ్డాక దాన్ని పంపడానికి నాకు అధికారం లేదు. మీరు దయచేసి ఇక ఉత్తరాలు రాయకండి. మీ ఒక్కో ఉత్తరానికీ మీ ఫైలు ఒక్కో మెట్టు పైకి పోతోంది.


ఎర్రచేనుపల్లె,
జూలై 27

మేనేజరు భానుచందర్ గారికి పెంచలయ్య నమస్కారాలు.

రాయవద్దన్నారు. కానీ మంచి కబురు రాయకుండా ఎలా ఉండను? మీ ప్రేమానందం గారు ఇంట్లో దిగారు. మేము హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

ఆయన సోమవారం మధ్యాహ్నం వచ్చారు. చేతిలో నోటీసు, జిగురు డబ్బా. తాళం తెరుచుకోలేదు. అక్కమ్మ చూపించింది. ఆయన గడప దాటబోతుంటే ఆపేసింది.

"యాడికప్పా అట్ట పోతావు? పాలు పొంగియ్యకుండా ఎవురైనా ఇంట్లో దిగుతారా?"

"నేను దిగడానికి రాలేదమ్మా. స్వాధీనం చేసుకునేదానికి వచ్చినా."

"రెండూ ఒకటే గదా. రెండేండ్లకి వచ్చినావు, ఇంగో అరగంటకి ఏమైతాది? కూసో."

ఆయన తమది ఏసు ప్రభువు ఇల్లని చెప్పారు. "ఏ సామిని మొక్కుకున్నా పాలు పైకే పొంగుతాయి నాయనా," అని అక్కమ్మ పొయ్యి వెలిగించింది. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. పాలు పొంగాయి. ఆ తర్వాతే నోటీసు అంటించారు. మీ జిగురు మంచిది కాదు. మర్నాటికి ఊడింది. అక్కమ్మ మైదా ఉడికించి మళ్ళీ అంటించింది.

ఆ సాయంత్రం బస్సు రాలేదు. ఆయన మన ఇంట్లోనే ఉండిపోయారు. తిరుపతిలో బైరాగిపట్టెడలో అద్దెకుంటున్నారట. జీతంలో మూడో వంతు అద్దెకు, ఇంకొంత బస్సుకు పోతుందట. ఇక్కడి నుంచి మీ బ్యాంకు సైకిలు దూరం. శనివారం భార్య కృపామణి కుట్టుమిషనుతో సహా దిగింది. మంచి పిల్ల.

బ్యాంకు తరపు మనిషి కాపురం ఉన్నారు గనక ఈ సోమవారం నుంచి వడ్డీ ఆగిపోయిందని అనుకుంటున్నాను.

ఒకటి అడగాలి. నోటీసులో వేలం అని ఉంది. నాకు రాత్రిళ్ళు కన్ను మూతపడటం లేదు. ఆ ఇంటి గోడలకు మట్టి మోసింది అక్కమ్మ. తెలియక ఏదైనా తప్పు చేశానేమో తెలపాలి.

ఇట్లు,
పెంచలయ్య

తా.క. "ప్రేమానందం నేను రోట్లో నూరే ఊరుబిండి బాగా తింటాడు. రికవరీ చేసే మనిషి అంత మెత్తగా ఉంటే ఎట్ట? రొంత గట్టిగా మాట్లాడేది నేర్పమను మేనేజర్ని." – అక్కమ్మ.


స్వర్ణముఖి సహకార బ్యాంకు,
పాకాల శాఖ.
ఆగస్టు 2

పెంచలయ్య గారికి,

ఇది ఆఫీసు కాగితం మీద రాస్తున్నాను గాని ఆఫీసు భాష నాకు మిగల్లేదు.

స్వాధీనం అంటే కాగితం మీద స్వాధీనమండీ! పరుపు వేసుకుని పడుకోవడం కాదు! ప్రేమానందం పంపిన నివేదికలో "ఆస్తిని భౌతికంగా స్వాధీనపరచుకొని, పాలు పొంగించి, వంట ప్రారంభించడమైనది" అని ఉంది. నేను చదవకుండా పైకి పంపేశాను. ఇప్పుడు ప్రధాన కార్యాలయం అడుగుతోంది: వేలానికి పెట్టిన ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఏ హోదాలో ఉంటున్నాడు? అద్దె ఎవరు నిర్ణయించారు? ఆ పాలు ఎవరివి?

నిన్న నేను ఖాళీ చేయమంటే ఆయన ఏమన్నాడో తెలుసా? "సార్, ఆస్తి నిర్మానుష్యముగా ఉండరాదని పదునాలుగవ షరతు," అన్నాడు.

మీరు తప్పు చేశారా అని అడిగారు. లేదు. మీరు ఏ తప్పూ చేయకపోవడం వల్లే ఇదంతా వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టినా ఇల్లు మీదే, మీరే ఉండొచ్చు అని ఆ రోజు మీకు చెప్పాల్సిన బాధ్యత మాది. మేము "అనుభవ హక్కు రుణగ్రహీత వద్దనే" అని చిన్న అక్షరాల్లో రాసి, కింద సంతకం పెట్టించుకున్నాం.

అయినా ఇప్పుడు వేలం ఆపడం నా చేతిలో లేదు. వడ్డీ కూడా ఆగలేదు.

భానుచందర్

తా.క. ప్రేమానందం రోజూ మీ ఇంటి పాలు క్యానులో తెచ్చి స్టాఫుకు కాఫీ పెట్టిస్తున్నాడు. ఖాతాదారుల నుంచి ఏమీ తీసుకోకూడదని నిబంధన. క్యాషియరు రెండు కప్పులు తాగుతోంది. క్యానుకు ఎంతో చెప్పండి, నేనే ఇచ్చేస్తాను.


ఎర్రచేనుపల్లె,
ఆగస్టు 9

భానుచందర్ గారికి పెంచలయ్య నమస్కారాలు.

ఇల్లు మాదేనని మీరు రాసిన ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. రెండేళ్ళు మోటారు గదిలో ఉన్నది ఊరికేనా అని. ఈ సంగతి అక్కమ్మకు చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మజ్జిగ అడిగాను.

నిన్న వేలం జరిగింది. మీరు రాలేకపోయారు గనక రాస్తున్నాను.

దామలచెరువు నుంచి మామిడి మండీ జయరామ్, ఇంకా నలుగురు వచ్చారు. ప్రేమానందం గారు అప్పటికి లుంగీలో అరుగు మీద గడ్డం గీసుకుంటున్నారు. వాళ్ళను చూసి లోపలికి పోయి పంట్లాం వేసుకొచ్చి, "బ్యాంకు పాట నాలుగు లక్షలు!" అని అరిచారు. ఒక చెవి దగ్గర ఇంకా సబ్బు నురగ ఉంది.

జయరామ్ ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇల్లు బాగుండాదే. లోపల కుట్టుమిషను ఎవురిది?"

"భోగ్యానికుండే వాళ్ళదప్పా," అంది అక్కమ్మ కాఫీ ఇస్తూ. "బ్యాంకోళ్ళు."

"ఏ బ్యాంకు?"

"ఇదో, వేలం పాడతా ఉండాడే, ఆయన బ్యాంకే."

జయరామ్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమప్పా ఆఫీసరూ, నువ్వే కాపురముండి నువ్వే అమ్మితే ఎట్ట? రేపు కొన్నోడు నీకు భోగ్యం డబ్బులు కట్టి ఖాళీ చేయించుకోవాల. అంటే ఇల్లు రెండుతూర్లు కొన్నట్ల గదా."

"భోగ్యం కాదండీ, స్వాధీనం," అన్నారు ప్రేమానందం గారు.

"పాలు పొంగిచ్చినావా, లేదా?"

ఆయన అబద్ధం చెప్పరు. "పొంగించినా," అన్నారు.

"ఇంగేముండాది," అని జయరామ్ లేచాడు. మా వైపు భోగ్యంలో ఉన్న ఇంటి మీద ఎవరూ పాట పాడరు. అందరూ కాఫీ బాగుందని చెప్పి వెళ్ళిపోయారు.

ఇట్లు,
పెంచలయ్య

తా.క. "వాళ్ళకిచ్చిన కాఫీ ఖర్చు వేలం ఖర్చు కింద రాస్తారంట గదా. ఐదు గ్లాసులు. జయరామ్ రొండు తాగినాడు, ఆరు రాయి." – అక్కమ్మ.


స్వర్ణముఖి సహకార బ్యాంకు,
పాకాల శాఖ.
ఆగస్టు 22

పెంచలయ్య గారికి,

ఈసారి సరదా కబురు కాదు. ప్రధాన కార్యాలయం నుంచి ఆఖరి ఉత్తర్వు వచ్చింది. మీ ప్రణాళిక రద్దయింది. అసలు, వడ్డీ, వేలం ఖర్చులు (కాఫీతో సహా) కలిపి మూడు లక్షల నలభై వేలు సెప్టెంబరు 15లోగా ఒక్కసారే కట్టాలి. లేకపోతే రెండోసారి వేలం. పాట సగానికి సగం. అప్పటికి ఇల్లు ఖాళీగా ఉండాలని కూడా రాశారు. సగం ధరకు ఖాళీ ఇల్లంటే జయరామ్ కాకపోతే ఇంకొకరు కొంటారు.

నేను నా వంతు రాసి చూశాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక ఖాతాదారు కోసం మూడు పేజీలు రాశాను. "పరిశీలించడమైనది" అని ఒక్క ముక్క వచ్చింది.

చుట్టాలెవరైనా ఉంటే అడగండి. బయట వడ్డీలకు మాత్రం పోవద్దు.

భానుచందర్

తా.క. ఒక్క చిక్కు మాత్రం తీరింది. ప్రేమానందం ఇల్లు తీసుకుంటానని, అడ్వాన్సు కోసం స్టాఫు లోను కావాలని అప్లికేషను పెట్టాడు. మీ ఇల్లు వదిలితే చాలునని, ముందూ వెనకా చూడకుండా జామీను సంతకం నేనే పెట్టాను. లోను మంజూరైంది. ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తాడు. అక్కమ్మ గారిని ఇక ఆయనకు ఊరుబిండి పెట్టవద్దని చెప్పండి. రుచి మరిగితే కదలడు.


ఎర్రచేనుపల్లె,
సెప్టెంబరు 13

మా మేలు కోరే భానుచందర్ గారికి పెంచలయ్య చేతులు జోడించి రాయునది.

మీరు సెలవులో ఉన్నారని చెప్పారు. అందుకే ఉత్తరం. నిన్న మీ బ్యాంకులో మూడు లక్షల నలభై వేలు కట్టేశాను. రసీదు ఇచ్చారు. దాని మీద సంతకం ఉంది. మూడు ఖాతాల్లో రెండు మూసేశాను. మూసినందుకు కూడా కొంత కోశారు. పోనీలెండి.

డబ్బెక్కడిదని అడుగుతారు. చెప్పడానికి మొహమాటంగా ఉంది గాని దాచకూడదు. ప్రేమానందం గారు ఇచ్చారు. మీరు రాసినట్టే ఆయన ఇల్లు తీసుకున్నారు. మా ఇల్లే. పోయిన వారం పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద అయిదేళ్ళకు భోగ్యం రాసుకున్నాం. నిన్న పొద్దున మీ స్టాఫు లోను మొత్తం ఆయన నా చేతిలో పెట్టారు. నేను తీసుకెళ్ళి మీ క్యాషియరమ్మ చేతిలో పెట్టాను. ఆమె ఆ నోట్లను చూసి, "నేనే కదా వీటిని పొద్దున ప్రేమానందానికి లెక్కపెట్టి ఇచ్చింది," అంది. మళ్ళీ లెక్కపెట్టింది. సరిపోయాయి.

ఇక నాకు వడ్డీ లేదు. అయిదేళ్ళలో పాల డబ్బులు కూడబెట్టి అసలు తిరిగి ఇస్తాను. ఆ పద్ధతి నాకు తెలిసిన పద్ధతి. ప్రేమానందం గారు కంతు జీతంలోంచి నెలనెలా కడతారట. అద్దె, బస్సు మిగిలాయి గనక ఆయనకు బరువు లేదు. ఆయన ఏ నెలైనా కట్టకపోతే మీ జీతంలో పట్టుకుంటారట. ఆ మాట విని నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సొంత మనుషులు కూడా ఇంత చేయరు.

ఆ రోజు స్టాంపు కాగితం చదివేటప్పుడే ఇల్లు ఎప్పుడూ మాదేనన్న సంగతి అక్కమ్మకు తెలిసిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కృపామణి వచ్చి, "పెద్దమ్మా, ఇంత ఇంట్లో మాకు రెండు గదులు చాలు. నాకు తోడుగా మీరూ రండి," అని చెయ్యి పట్టుకుంది. వెనక గదుల్లోకి మారాం. నిన్న అక్కమ్మ తన వంటింట్లో తన పొయ్యి మీద అన్నం వండింది. గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంది.

మీకు ఎలా చెప్పాలో తెలియదు. నాకు మాటలు తక్కువ.

ఇట్లు,
మీ రుణం తీర్చుకోలేని
పెంచలయ్య

తా.క. అక్కమ్మ మాట, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, కోపం చేసుకోవద్దు: "జామీను పడినోడు సుట్టం కిందే లెక్క. ఆదివారం అన్నానికి రమ్మని రాయి. సుట్టం గుమ్మం తొక్కకపోతే నాకు అవమానం. రాకుంటే మాత్రం ఈ నెల కంతు కట్టొద్దని ప్రేమానందానికి చెప్పేస్తా."